కుసుమప్ప మోసిన బొండాలు

శైలజని చూసుకోడానికి నెల్లిమర్ల నుంచి పెళ్లివారు వచ్చిన రోజున దాలమ్మకి కాళ్లూ చేతులూ ఆడలేదు. మనవరాలికి అందం లేకనా, చదువు లేకనా? ఊరు ఉద్దానంలో ఉంది, అదొక్కటే ఆ పిల్లకున్న లోటు. ఉద్దానం నీళ్లు తాగి పెరిగిన పిల్లకి రేపు కిడ్నీలు పోతే ఎవరు చూస్తారని వచ్చిన సంబంధం వచ్చినట్టే వెనక్కి పోతున్న రోజులవి.

టిఫిన్లు అయ్యాయి. పిల్లని చూశారు, పేరడిగారు, నవ్వారు. అంతా బాగానే ఉందనుకునే వేళకి పెళ్లికొడుకు మేనమామ నరసింగరావు కండువాతో మూతి తుడుచుకుని గొంతు సవరించాడు.

"మీరేటీ అనుకోకపోతే పిల్లకి రక్తం పరీక్ష చేయించిన కాగితం ఒకటి చూపించండి. మీ వైపు సంగతి తెలిసిందే కదా."

దాలమ్మ మొగుడు తిరుమలరావు నేలచూపులు చూశాడు. అప్పుడు గుమ్మం పక్కన స్టూలు మీద నుంచి కుసుమప్ప మాట వినిపించింది. పక్కింటామె. తెల్లచీర, ఒళ్లో బైబిలు సంచి, చేతికి ఆనించి నల్లగొడుగు. ఆదివారం గుడి నుంచి నేరుగా ఇటే వచ్చి కూచుంది.

"సూపిస్తాం బాబూ. మా గుంట నెత్తురు సూపించడానికి మాకేటి బయం? అన్నట్టు ఇందాక కాపీలో పంచదార ఒద్దన్నది ఎవులు?"

నరసింగరావు ఇబ్బందిగా కదిలాడు. "నేనేనమ్మా."

"ఎందుకొద్దన్నావు?"

"కొద్దిగా సుగరుందని..."

"అలగా! మరి మీ అమ్మకుండీదా? మీ అక్కకున్నాదా? మేనమామ సుగరు మేనల్లుడికి రాదని నువ్వు రాసిస్తావా? ఓ పని సేద్దుము. మా పిల్ల కాగితం నాను అట్టుకుంటాను. మీ ఇంటిల్లిపాది కాగితాలూ నువ్వు అట్టుకుని రా. ఈ అరుగు మీదే మార్సుకుందుము. ఏటంటావు?"

ముందు నవ్వింది పెళ్లికొడుకు తల్లే. "ఒరే తమ్ముడా, ఇందాక రెండు లడ్డూలు నోట్లో వేసుకున్నప్పుడు ఎక్కడికెళ్లిందిరా నీ సుగరు?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే సంబంధం ఖాయమైపోయింది.

పెళ్లివారి ఆటో సందు దాటిందో లేదో, కుసుమప్ప దాలమ్మని పెరట్లోకి పిలిచింది. "తగువు గెలిసేం. అది తగువు. నెత్తురు సంగతి ఏరు. రేపు పొద్దున్న గుంటని నాతోటి పంపు, పరీచ్చ సేయిద్దుము" అంది. దాలమ్మ బతిమాలింది, ఏడిచింది, ఇప్పుడు తెలుసుకుని ఏంచేస్తామంది. కుసుమప్ప వింటే కదా! కాగితం మంచిదే వచ్చింది. శైలజ ఇవాళ నెల్లిమర్లలో ఇద్దరు పిల్లల తల్లి.

కుసుమప్ప అంటే అది. పేరు కుసుమకుమారి, పుట్టింది పర్లాకిమిడిలో. తండ్రి మిషను బంగళాలో వంటవాడు. పెళ్లయిన కొత్తలో చిన్నరైలెక్కి మొగుడు జగన్నాధంతో నౌపడలో దిగింది. స్టేషను అవతల ఉప్పుమడుల్లో తెల్లగా పోసిన కుప్పలు చూసి, "ఇవన్నీ ఎవుల సమాదులు?" అని అడిగిందని జగన్నాధం పోయేదాకా చెప్పుకుని నవ్వేవాడు. "నానడగనేదు, ఆడే కల్పించేడు" అని ఆమె పోట్లాడేది. జగన్నాధం తండ్రి కాలంలోనే వాళ్ల ఇల్లు క్రైస్తవ సంఘంలో కలిసింది. హిందూ పేరు మార్చుకోమని జగన్నాధానికి ఎవరో పెద్దలు చెబితే, "మా అమ్మ ఎట్టిన పేరు. ఏసుపెబువు ఒచ్చి అడిగితే అప్పుడు సూద్దుము" అన్నాడట. కోపిష్టి మనిషే కానీ పెళ్లాం మాటకి ఎదురు చెప్పి ఎరగడు.

దాలమ్మ ఆ పక్కింటికి కోడలిగా వచ్చేనాటికి కుసుమప్ప చంకలో ఒకడు, కడుపులో ఒకడు. దాలమ్మకి పదిహేనేళ్లుంటాయేమో. ఉరుమంటే భయం, రైలు కూతంటే భయం, అత్త దగ్గితే భయం. మొదటి కానుపులో మంత్రసాని చేతులెత్తేస్తే కంచె దాటి వచ్చింది కుసుమప్పే. బండి కట్టించి, కురుస్తున్న వానలో తలదగ్గర గొడుగు పట్టుకుని ఆసుపత్రికి చేర్చింది. దారిపొడుగునా "నాను సచ్చిపోతానప్పా" అని దాలమ్మ అరుస్తూంటే, "సద్దువు గాని, ముందు బిడ్డని కను" అని కసిరింది. ఆనాటి నుంచి దాలమ్మకి ఆమె అప్ప, సొంత అక్కకన్నా ఎక్కువ. అన్నేళ్లూ దాలమ్మ భయపడే పని చూసుకుంటే, ధైర్యం సంగతి కుసుమప్ప చూసుకుంది. ఇద్దరికీ అలాగే బాగుంది.

కుసుమప్ప మొదట్లో దాలమ్మని గుడికి లాగాలని చూసింది. దాలమ్మ గుడి వసారా దాకా వచ్చి అక్కడే చతికిలబడేది. అమ్మవారికి కోపమొస్తుందని దానికి భయం. కొన్నాళ్లు చూసి, "ఏసుపెబువే ఎదురొచ్చినా ఇది జడుసుకుని పారిపోతాది" అని వదిలేసింది. దాలమ్మ స్థానం మాత్రం ఆ వసారాలో ఖాయమైంది. లోపల ఆరాధన, బయట స్తంభానికి ఆనుకుని దాలమ్మ.

గుడిలో స్త్రీల సమాజం నడిపింది కుసుమప్పే. ఇంటింటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వెయ్యాలి. శనివారం ఆ బియ్యమంతా పోగుచేసి మొగుడు లేనివాళ్లకి, మంచాన పడ్డవాళ్లకి పంచాలి. ఆ పద్ధతి అంతకు ముందే ఉంది. దానికి బొండాలు కలిపింది మాత్రం కుసుమప్ప. "బియ్యం వొండుకోడానికి ఒంట్లో ఓపికుండాల గదా. రోగిష్టోలు ఏటి తింతారు? మన ఉద్దానంలో కొబ్బరికి కరువా?" అంది. ప్రతి ఇంటి పెరట్లోంచీ వారానికి ఒకటో రెండో లేత బొండాలు రావాలి. ఆదివారం ఆరాధన కాగానే ఆడవాళ్లు సంచుల్లో వేసుకుని రోగులున్న ఇళ్లకి మోసుకెళ్లాలి. గుడికి వచ్చే ఇల్లా రాని ఇల్లా అని చూడలేదు. బెస్త ఇంటికీ వెళ్లారు, కాపు ఇంటికీ వెళ్లారు. బొండాలు చెక్కే పని దాలమ్మది. మడ్డుకత్తితో మూడు దెబ్బల్లో మూతి తెరిచేది, చుక్క ఒలికేది కాదు. రోగి ఇంటి గుమ్మం దగ్గర చెక్కి ఇచ్చేది, లోపలికి మాత్రం అడుగుపెట్టేది కాదు. రోగిని చూస్తే దానికి ఆ రాత్రి నిద్ర పట్టదు. కుసుమప్ప లోపలికెళ్లి, తలెత్తి పట్టుకుని, కొంగుతో మూతి తుడుస్తూ తాగించేది. ఏళ్ల తరబడి ఆదివారమంటే ఆ ఊళ్లో అదే.

అలా ఉండగా ఊరికి ఆ జబ్బు వచ్చింది. వచ్చిందనడం కూడా తప్పే, ఎప్పటినుంచో ఉన్నదానికి పేరు అప్పుడు తెలిసింది. తోటలో కాయలు దింపే మగవాళ్లకి ముందు కాళ్లు పొంగేవి. తరవాత ముఖం ఉబ్బేది, అన్నం సహించేది కాదు. నిన్న కళ్లంలో కనిపించినవాడు ఇవాళ మంచంలో కనిపించేవాడు, వచ్చే ఏటికి కనిపించేవాడు కాదు. నీళ్లంటే భయం, తిండంటే భయం. పొద్దున్న లేస్తూనే పాదం మీద వేలు పెట్టి నొక్కి, గుంట పడిందేమో చూసుకోని మనిషి లేడు. రక్తం తీసే వ్యాను వస్తే జనం తలుపులేసుకునేవాళ్లు. తెలిస్తే పిల్లకి పెళ్లి కాదు, తెలియకపోతే కొన్నాళ్లు హాయిగా ఉండొచ్చు, అదీ లెక్క. కుసుమప్ప గొడుగు పట్టుకుని తలుపు తలుపూ కొట్టేది. దాలమ్మ ఆ రోజు తెల్లారకముందే జీడితోటలోకి పోయి, వ్యాను వెళ్లిపోయిందని రూఢి చేసుకున్నాకే ఇంటికొచ్చేది. "దాలమ్మ ఏది?" అని కుసుమప్ప అడిగితే, "పిక్కలేరుకోడానికెల్లింది" అనేవాడు తిరుమలరావు. "జీడిపూత కూడా రానేదు, పిక్కలెక్కడివిరా బావా?" అనేది ఆమె.

జగన్నాధానికి ఆ జబ్బే పట్టింది. అప్పటికి నెత్తురు కడిగే మిషన్లు లేవు, ఉన్నా ఈ ఊరికి తెలీదు. ఆర్‌ఎంపీ మందులిచ్చాడు, చలవ చెయ్యాలన్నాడు. చలవంటే ఇంకేముంది, బొండాలు. పెరట్లో చెట్టుంది, చెక్కడానికి దాలమ్మ ఉంది. పొద్దుటా సాయంత్రం కుసుమప్ప దగ్గర కూచుని తాగించింది. ఒక పొద్దున ప్రార్థన చేసుకున్నారు, బొండాం తాగాడు, "ఇయ్యాల ఒళ్లు తేలిగ్గా ఉన్నాదే" అన్నాడు. కుసుమప్ప ఆవుకి గడ్డి వేసి వచ్చేసరికి కుర్చీలోనే తల వాల్చేసి ఉన్నాడు. గుండె ఆగిపోయిందన్నారు. బాధపడకుండా పోయాడు, అదృష్టవంతుడు అని ఊరంతా అంది. కుసుమప్ప కూడా అదే అనుకుని కళ్లు తుడుచుకుంది. సంఘంలో నిలబడి, ఆ చివరి పొద్దున మొగుడి చేత తృప్తిగా బొండాం తాగించగలిగానని దేవుడికి స్తోత్రం చెప్పింది. ఆ మాటకి లోపల ఆడవాళ్లందరూ ఏడిచారు. వసారాలో దాలమ్మా ఏడిచింది.

పదేళ్లు దాటాక రెండో కొడుకు ధనరాజ్ కాళ్లు పొంగాయి. పలాసలో జీడిపప్పు కార్ఖానాలో పనిచేసేవాడు. ఈసారికి మిషన్లొచ్చాయి. వారానికి రెండుసార్లు ఆసుపత్రి గదిలో మంచం మీద పడుకోబెట్టి, గొట్టాలు తగిలించి, నెత్తురంతా బయటికి లాగి కడిగి లోపలికి పంపిస్తారు. మొదటిసారి కుసుమప్ప తోడు రమ్మంటే దాలమ్మ వెళ్లింది. ఆ గది తలుపు తెరుచుకున్నప్పుడు వరసగా మంచాలూ, వాటి పక్కన ఎర్రటి గొట్టాలు తిరగడమూ ఒక్క క్షణం కంటపడ్డాయి. అంతే, గోడకి ఆనుకుని జారిపోయింది. ఎవరో నీళ్లు చల్లి బయట బెంచీ మీద కూచోబెట్టారు. ఆ తరవాత ఎన్నిసార్లు తోడెళ్లినా బెంచీ దాటలేదు. తలుపు తీసినప్పుడల్లా కళ్లు మూసుకునేది.

ఒకరోజు ఆ తలుపు తీసుకుని నర్సు వచ్చింది. చేతిలో సీసా.

"ఎవరమ్మా ఇది తెచ్చింది?"

"నానే తల్లీ," అంది కుసుమప్ప. "బొండాం నీలు. మా పెరటి సెట్టువే. మా ధనరాజుకి దాహమేస్తన్నాదంటే..."

"ఇంకా నయం, తాగలేదు. కిడ్నీ పనిచెయ్యని మనిషికి కొబ్బరినీళ్లు పట్టిస్తే అందులో ఉండే పొటాషియం బయటికి పోదమ్మా. ఒంట్లోనే నిలిచిపోయి గుండె ఆగిపోతుంది. ఒక్క చుక్క కూడా పోయొద్దు."

"ఆగిపోతాదా?"

"టక్కున ఆగిపోతుంది."

నర్సు లోపలికెళ్లిపోయింది. కుసుమప్ప ఆ సీసా పట్టుకుని అలాగే నిలబడింది. ఉరుముకి, తుపానుకి, దొరలకి, దొంగలకి చెక్కుచెదరని ముఖం తెల్లగా పాలిపోయింది. బస్సులో సీసా ఒళ్లో పెట్టుకుని కూచుంది. ఇంటికొచ్చాక పెంటపోగు మీద ఆ నీళ్లు ఒంపేసి అడిగింది.

"దాలమ్మా, జగన్నాదం ఎలగ పోయేడు?"

"గుండె ఆగిపోయి గదప్పా."

"ఎలగ ఆగింది?"

ఆ బొండాం చెక్కింది దాలమ్మే. జగన్నాధం ఒకడేనా? ఆదివారం ఆదివారం చెక్కినవన్నీ ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి. ఆ ఇల్లు, ఈ ఇల్లు, అందులో పోయిన మనిషి. ఇద్దరూ ఒకే ఇళ్లు తలుచుకుంటున్నారని ఇద్దరికీ తెలుసు.

"అప్పా, నీకు దండం ఎడతాను, ఎవులికీ సెప్పకు," అంది దాలమ్మ. "మనం తెలిసి సేసేమా? పోయినోలు ఎలాగూ రారు. తెలిస్తే ఊరు నిన్ను బతకనియ్యదు."

"పోయినోలు రారు. బతికున్నోలు తాగతన్నారే!"

ఆదివారం గుడిలో దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళకి కుసుమప్ప లేచింది. మామూలుగా అయితే ఆమె సాక్ష్యమంటే పాస్టరుగారు గడియారం చూసుకునేంత పొడుగు. ఆవేళ నాలుగే మాటలు చెప్పింది. నర్సు ఏమందో చెప్పింది. జగన్నాధం ఏం తాగి పోయాడో చెప్పింది. ఇకమీద కిడ్నీ రోగికి ఎవరూ బొండాం ఇవ్వొద్దని, అసలు తెలిసో తెలియకో మొదలెట్టింది తనేనని చెప్పింది. దాలమ్మ వసారాలో స్తంభాన్ని వాటేసుకుని కూచుంది. ఆవేళ దాని పక్కన సంచి లేదు.

లోపల లక్ష్మణమ్మ గొంతు వినిపించింది. ఆమె తండ్రి కిందటి ఏడే పోయాడు.

"అయితే మా నాన్నని నువ్వే సంపేసేవా? వారం వారం ఒచ్చి సొంత కూతురిలాగ తల ఎత్తి పోసీదానివి గదే!"

"పోసేను లక్ష్మణమ్మా."

"పెసిడెంటునని ఇరగబడ్డావు! నీ పేరు కోసం మా ఇల్లు కూల్సేసేవు!"

ఒకరి తరవాత ఒకరు లేచారు. మా అమ్మకి, మా ఆయనకి, మా మావకి అని పేర్లు చెప్పారు. పాస్టరుగారు పాట అందుకున్నారు. ఎవరూ కలవలేదు. కుసుమప్ప ఆ పేర్లన్నీ అయ్యేదాకా కూచోలేదు. ఎవరెంత తిట్టినా అవునంది తప్ప కాదనలేదు. దాలమ్మకి ఒక్కటే భయం, ఇంకాసేపట్లో ఎవరైనా చెక్కిందెవరని అడుగుతారని. ఎవరూ అడగలేదు. కుసుమప్ప దాలమ్మ పేరు రానివ్వలేదు.

గుడి మాన్లేదు కుసుమప్ప. మరుసటి వారం నుంచి అదే చాప, అదే చోటు. రెండు చేతులవతల దాకా పక్కన ఎవరూ కూచోలేదు, అది వేరే సంగతి. సాయంత్రాలు గొడుగు పట్టుకుని గుడికి రాని ఇళ్లకి కూడా వెళ్లి గుమ్మంలో నిలబడి ఈ సంగతే చెప్పింది. కొందరు మొహం మీదే తలుపేశారు. ఒక ఇంట్లో అప్పుడే మంచాన ఉన్నవాడి నోటికి బొండాం ఎత్తుతున్నారు. కుసుమప్ప ఉరికి చేత్తో కొట్టింది. మంచం తడిసిపోయింది, ఇంటివాళ్లు తిట్టిపోశారు. ఆ మనిషి ఇంకా బతికే ఉన్నాడు, మొన్న సంతలో కనిపించాడు.

ఒకసారి ఆసుపత్రిలో పెద్దడాక్టర్ని పట్టుకుని కుసుమప్ప అడిగేసింది కూడా, నా మొగుణ్ని ఆ బొండామే తీసుకెళ్లిందా అని. అప్పటికే జబ్బు ముదిరి ఉంటుంది, ఏది తీసుకెళ్లిందో ఎవరం చెప్పలేమన్నాడాయన. దాలమ్మకి ఆ మాటతో ఊపిరొచ్చింది. కుసుమప్పకి రాలేదు.

తిత్లీ తుపానులో ఊరి కొబ్బరంతా నేలమట్టమైంది. చెట్టుకొకరు కూచుని ఏడిచారు. కుసుమప్ప మాత్రం గుడి ముందు పొయ్యిలు తవ్వించి, కరెంటు వచ్చేదాకా ఊరందరికీ గంజి కాయించింది. తిట్టినవాళ్లూ ఆ వరసలోనే నిలబడి పోయించుకున్నారు. లక్ష్మణమ్మ కూడా వచ్చింది. గిన్నె చాచింది గానీ ముఖం తిప్పుకునే ఉంది. "ఇంకో గరిటె ఎయ్యమంటావా?" అంది కుసుమప్ప. "ఎయ్యి" అంది లక్ష్మణమ్మ. వాళ్లిద్దరి మధ్య రాజీ అంతే.

ధనరాజ్ నాలుగేళ్లు లాగాడు. పోవడం కూడా ఆ గదిలోనే, కిటికీ పక్క మంచం మీద, మిషను తిరుగుతూండగానే పోయాడు. తల్లి అతని పాదాలు పట్టుకుని ఉంది. అతని పెళ్లాం రాజకుమారి ఏడుపు విని కూడా దాలమ్మ బెంచీ మీద నుంచి లేవలేకపోయింది.

ఈ ఏడు కుసుమప్పకే కాళ్లు పొంగాయి. ఎనభై దాటిన మనిషి, ఇక చూడాల్సిందేముందని మిగతావాళ్లు అనుకున్నా రాజకుమారి ఊరుకోలేదు, మిషనుకి తీసుకెళ్లింది. మెడ దగ్గర గొట్టం వేశారు. కొన్నాళ్లు బాగానే సాగింది. అన్నం తింది, కోడలి మీద అరిచింది, పాస్టరుగారి ప్రసంగం పొట్టిగా ఉండాలని కబురు పెట్టింది. ఉన్నట్టుండి ఒక మంగళవారం ఆసుపత్రి ఆటో వస్తే రానంది. ఆ తరవాతా రానంది. "నాకు పిలుపొచ్చింది. పెబువు దగ్గరికి ఎలతాను, మిషను దగ్గరికి ఎల్లను" అంది.

సంఘం కదిలిపోయింది. ఎంత విశ్వాసం, ఎంత ధైర్యం అని చెప్పుకున్నారు. పొద్దుటో గుంపు, సాయంత్రం ఓ గుంపు వచ్చి మంచం చుట్టూ పాటలు పాడారు. ఒకప్పుడు దూరంగా కూచున్నవాళ్లే కాళ్లకి మొక్కారు. కుసుమప్ప కళ్లు మూసుకుని చేతులు జోడించి పడుకునేది. ఆయాసం మాత్రం రోజురోజుకీ పెరుగుతోంది. మిషను మానేస్తే ఎక్కువ కాలం ఉండదని డాక్టరు రాజకుమారితో ఉన్నమాట చెప్పేశాడు.

రాజకుమారి కంచె దాటి వచ్చి దాలమ్మ కాళ్ల దగ్గర కూచుంది.

"పిన్నీ, నువ్వు సెప్పు. నీ మాట ఇంటాది."

"నా మాట ఎప్పుడిన్నాదే మీయత్త? నాను ఒద్దన్న పనే గదా జన్మంతా సేసింది!"

అంటూనే వెళ్లింది దాలమ్మ. మధ్యాహ్నం ఎండ. పాటలవాళ్లు భోజనాలకి పోయారు. మంచం మీద కుసుమప్ప మూడు దిళ్లకి ఆనుకుని ఉంది. ముఖం ఉబ్బిపోయి కళ్లు సన్నగా గీతల్లా ఉన్నాయి. దాలమ్మకి అక్కణ్నుంచి పారిపోవాలనిపించింది. అయినా స్టూలు లాక్కుని కూచుంది.

"ఎవులూ నేరు గదా?" అంది కుసుమప్ప.

"నేరు. రాజకుమారి దొడ్లో ఉన్నాది."

"తలుపు దగ్గరికి ఎయ్యి."

వేసి వచ్చింది.

"పిలుపొచ్చిందన్నావట," అంది దాలమ్మ. "ఎవులు పిలిసేరు?"

కుసుమప్ప నవ్వబోయింది, దగ్గొచ్చింది. చాలాసేపటికి గానీ ఊపిరి అందలేదు. "నీకు నమ్మకం కుదర్నేదా?"

"పెబువు పిలిస్తే నువ్వు గొడుగట్టుకుని ఎదురెల్తావు గానీ ఇలగ కల్లు మూసుకుని తొంగోవు. నానెరగనా?"

"కిటికీ పక్క మంచం ఇచ్చేరే నాకు," అంది కుసుమప్ప. "ధనరాజు పోయిన మంచం. ఆ సంగతి ఆలకి తెల్దు, ఆల తప్పు నేదు. మిషను గుర్రుమంటాది. గొట్టంలో నా నెత్తురు ఎల్తన్నాది, ఒస్తన్నాది. అది సూస్తా ఉంటే టక్కున ఆగిపోతాదేమోనని... ఒక్కసారి ఒచ్చింది ఆ ఆలోసన. ఇంక ఒదల్నేదు. ఒల్లంతా సెమట. నాకు బయమేసింది దాలమ్మా."

అరవై ఏళ్లలో దాలమ్మ ఆ నోట ఆ మాట వినలేదు.

"పోయినా పరవాలేదనుకో. ఎనబయ్యేల్లు బతికేను. పోయాక ఉన్నాది అసలు బయం. పాస్టరుగారు రోజూ సెప్తన్నారు, దేవుడు చమించేసేడు అని. చమిస్తాడు. దేవుడి సంగతి నాకు తెల్సు. జగన్నాదం సంగతే తెల్దు. ఆడు కోపిష్టి. ఎదురుగా ఒచ్చి, ఏటే, ఆ పొద్దున్న నాకేటి పోసేవు అంటే ఏటి సెప్పను? ఆడి ఎనకాల లక్ష్మణమ్మ బాబు ఉంటాడు. ఆయనెనకాల ఇంకెంతమందో. ఎల్లాలంటే బయ్యం, ఉండాలంటే ఆ మంచం బయ్యం."

"మరి ఈలందరికీ దైర్యంగా ఉన్నట్టు సెప్తన్నావు గదప్పా!"

"ఏటి సెప్పమన్నావు? ఈ ఊరు అరవయ్యేల్లు నా దైర్యం సూసి బతికింది. కుసుమమ్మకే బయ్యమేసిందంటే రేపు ఆ గదికి ఎవులెల్తారు? అందుకే పిలుపొచ్చిందన్నాను. దేవుడి మీదకి తోసేసేను." ఆయాసపడింది. "అదీ తప్పే. ఆయనకి సెప్పుకున్నాన్లే."

బయట కోళ్లు అరిచాయి. రాజకుమారి ఎవరితోనో మాట్లాడుతోంది, రేపు ఆటో పంపించమని కాబోలు, ఫోన్లో. కుసుమప్ప కూడా విన్నది. చెయ్యి చాచి దాలమ్మ మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్లు చల్లగా, ఉబ్బిపోయి ఉన్నాయి.

"రేపు ఆటో వస్తాది," అంది. "ఎల్లాలనే ఉన్నాది నాకు. సావాలని లేదే. కానీ ఒక్కర్తినీ ఆ మంచం ఎక్కలేను. నువ్వు రా."

"ఒస్తానప్పా. బెంచీ మీద కూకుంటాను, ఎంతసేపైనా..."

"బెంచీ కాదు. లోపలికి."

దాలమ్మ చెయ్యి లాక్కోబోయింది. కుసుమప్ప వదల్లేదు.

"దైర్యం సెప్పీవోలు నాకు శానామంది ఉన్నారు. సంఘం సంఘమంతా అదే పని. బయ్యమంటే ఏటో తెలిసినది నువ్వొక్కర్తివే. నా మంచం పక్కన స్టూలు ఏస్తారు, కూకో. పాట పాడకు, పార్తన సెయ్యకు, ఏటీ కాదని సెప్పకు. గొట్టం సూడలేకపోతే నా ముఖం సూడు. నాకు బయ్యమేస్తన్నాదే అని నానంటే, నాకూ ఏస్తన్నాదప్పా అను. అంతే అను. నువ్వొస్తే ఎల్తాను."